ఢాకా మాస్టారి అబ్బాయి, షికాగో ఆకాశం



వేసవి సెలవుల తర్వాత స్కూల్ తెరిచిన వారంలో మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒక ఫోటో తెచ్చి చూపించింది. వాళ్ల అమ్మమ్మ అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లారట. షికాగోలో విల్లిస్ టవర్ 103వ అంతస్తులో, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన గాజు పెట్టెలో, ఒక చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నారావిడ. కాళ్ల కింద గాజు. ఆ గాజు కింద 412 మీటర్ల ఖాళీ. క్లాసంతా నవ్వులే నవ్వులు.

నవ్వులు ఆగాక వెనక బెంచీ అబ్బాయి ఒక ప్రశ్న వేశాడు. అంత ఎత్తు బిల్డింగ్ గాలికి పడిపోదా మేడమ్, అని. పునాది గట్టిగా వేస్తారు నాన్నా అని చెప్పి పాఠంలోకి వెళ్లిపోయాను. కానీ ఆ జవాబు సరిపోదని నాకే అనిపించింది. పునాది గట్టిదైతే బిల్డింగ్ కుంగదు. మరి నడుము దగ్గర ఊగితే? కొబ్బరిచెట్టు వేళ్లు ఎంత గట్టివైనా తుఫానుకి నడిమికి విరిగిన చెట్లను మన కోస్తా జిల్లాల వాళ్లు ఎన్ని చూడలేదు?

ఆ ఆదివారం కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఉక్కు గురించి, కాంక్రీటు గురించి చదువుదామనుకున్న నాకు ఒక మనిషి కథ దొరికింది. అమెరికా ఆకాశాన్ని మార్చిన ఆ మనిషి అమెరికాలో పుట్టలేదు. పుట్టింది మన ఉపఖండంలోనే. పేరు ఫజ్లుర్ రహమాన్ ఖాన్. ఈ నెల మన పేజీ ఆయనది.

ఆయన 1929 ఏప్రిల్ 3న ఢాకాలో పుట్టారు. అప్పటికి అది బ్రిటిష్ ఇండియాలో ఊరు, తర్వాత తూర్పు పాకిస్తాన్ అయింది, ఆ తర్వాత బంగ్లాదేశ్ రాజధాని. తండ్రి అబ్దుర్ రహమాన్ ఖాన్ మ్యాథ్స్ టీచర్, పాఠ్యపుస్తకాలు రాసినవారు. తర్వాతి రోజుల్లో విద్యాశాఖలో పెద్ద హోదాకు వెళ్లారు. టీచర్ గారి ఇంట్లో పుట్టిన పిల్లల కష్టం టీచర్ల పిల్లలకే తెలుసు. బడి అయిపోయినా బడి అయిపోదు.

ఇంజినీరింగ్ చదువుకి కలకత్తా పక్కన శిబ్‌పూర్‌లో ఉన్న బెంగాల్ ఇంజినీరింగ్ కాలేజీలో చేరారు. ఈలోగా దేశం రెండు ముక్కలైంది. చదువు చివరికొచ్చేసరికి కలకత్తాలో మతకలహాలు రేగాయి. ఖాన్ ఢాకాకు తిరిగి వెళ్లి, అక్కడి అహ్సానుల్లా ఇంజినీరింగ్ కాలేజీలో డిగ్రీ పూర్తి చేశారు. ఇరవై ఏళ్ల కుర్రాడికి చివరి పరీక్షల ముందు కాలేజీ మారడం, ఊరు మారడం, సరిహద్దు దాటడం అంటే ఏమిటో ఒక్క క్షణం ఊహించండి. మనం ఇంట్లో పిల్లాడికి పరీక్షలున్నాయని టీవీ సౌండు తగ్గిస్తాం కదా.

కొంతకాలం అదే కాలేజీలో పాఠాలు చెప్పారు. 1952లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చేరారు. మూడేళ్లలో రెండు మాస్టర్స్ డిగ్రీలు, ఒక డాక్టరేట్ పూర్తి చేశారు. 1955లో షికాగోలో స్కిడ్మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ అనే పెద్ద ఆర్కిటెక్చర్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. అందరూ దాన్ని పొట్టిగా ఎస్ఓఎమ్ అంటారు.

ఇక్కడ ఒక మలుపు ఉంది. అమెరికాలో స్థిరపడిన ఇంజినీర్ల కథల్లో సాధారణంగా వినిపించనిది. 1957లో ఆయన వెనక్కి వెళ్లిపోయారు. కరాచీ నగరాభివృద్ధి సంస్థలో ఇంజినీరుగా పనిచేశారు. కానీ తను నేర్చుకున్న చదువుకి సరిపడా పని అక్కడ దొరకలేదు. ఫైళ్లు ఉన్నాయి, డిజైన్లు లేవు. 1960లో మళ్లీ షికాగోకి, మళ్లీ అదే కంపెనీకి వచ్చారు. పిల్లల్ని విదేశాలకు పంపిన ఇళ్లలో ఎప్పుడూ నలిగే ప్రశ్న ఇది. వెళ్లినవాళ్లు రావాలా, వచ్చినవాళ్లు ఉండగలరా? ఆయన రెండువైపులా నడిచి చూశారు. ఆ మూడేళ్లు వృథా అయ్యాయని నేను అనుకోను. తిరిగొచ్చినవాడు, తను ఎందుకు తిరిగొచ్చాడో తెలిసినవాడు.

ఇప్పుడు మా అబ్బాయి ప్రశ్నకి వద్దాం. దీనికి కొంచెం ఓపిక పట్టండి, కథకి గుండె ఇదే.

షికాగోకి ఎత్తు కొత్త కాదు. 1871లో పెద్ద అగ్నిప్రమాదంలో ఊరు చాలా భాగం కాలిపోయాక, కొత్తగా కట్టుకునే పనిలో అక్కడి ఇంజినీర్లు ఇనుప చట్రం మీద బిల్డింగ్ నిలబెట్టడం నేర్చుకున్నారు. 1885లో పూర్తయిన పది అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగ్‌ని చాలామంది మొదటి ఆకాశహర్మ్యం అంటారు. అప్పటినుంచి పద్ధతి దాదాపు ఒక్కటే. బిల్డింగ్ లోపలంతా వరుసగా పిల్లర్లు, వాటిని కలుపుతూ దూలాలు. మన అపార్ట్‌మెంట్లు కట్టేది కూడా ఇలాగే. పాతిక, ముప్పై అంతస్తుల వరకు ఇది బాగానే ఉంటుంది. ఆపైన బరువు సమస్య కాదు, గాలి సమస్య. అంతస్తులు పెరిగే కొద్దీ బరువు మోయడానికి కావలసిన స్టీలు ఒక లెక్కలో పెరుగుతుంది. గాలిని ఆపడానికి కావలసిన స్టీలు ఇంకా వేగంగా పెరుగుతుంది. ఎత్తుకి కట్టే జరిమానా లాంటిది అన్నమాట. న్యూయార్క్‌లో 1931లో కట్టిన ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 102 అంతస్తులది. దానికి ప్రతి చదరపు మీటరుకి 206 కిలోల స్టీలు పట్టింది. 1961 నాటికి అదే ఊళ్లో 60 అంతస్తుల ఒక బ్యాంకు భవనానికి 275 కిలోలు పట్టింది. ఈ లెక్కన ఎత్తు కట్టడం ధనవంతులకి కూడా దండగే.

ఖాన్ ఏం చేశారంటే, పిల్లర్లని లోపలినుంచి తీసి బయటి గోడలోకి తెచ్చారు. దగ్గర దగ్గరగా నిలబెట్టి, బలమైన దూలాలతో ఒకదానికొకటి కట్టేశారు. అప్పుడు బిల్డింగ్ మొత్తం నేలలో పాతిన ఒక బోలు గొట్టంలా పనిచేస్తుంది.

ఇది ఇంట్లోనే చూడొచ్చు. ఒక ఏ4 కాగితం నిలబెట్టి చూడండి, నిలబడదు. దాన్నే గుండ్రంగా చుట్టి టేపు అంటించి నిలబెట్టి, పైన మీ పిల్లల నోటుబుక్ పెట్టండి. మోస్తుంది. కాగితం అదే, ఒక్క గ్రాము కూడా పెరగలేదు. మెటీరియల్ ఎంత ఉందన్నది కాదు, ఎక్కడ ఉందన్నదే లెక్క. వెదురు బొంగు ఈ సంగతి మనకి ఎప్పటినుంచో చెబుతూనే ఉంది. లోపలంతా ఖాళీ, బలమంతా అంచున. మా క్లాసులో ఈ ప్రయోగం చేసినప్పుడు ఒక గ్రూపు కాగితపు గొట్టం మీద తొమ్మిది నోటుబుక్కులు నిలబెట్టింది. పదోది పెట్టగానే అంతా కూలింది, పక్క క్లాసు టీచర్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

ఈ ఆలోచనతో షికాగోలో మొదట లేచింది డెవిట్ చెస్ట్‌నట్ అనే 43 అంతస్తుల కాంక్రీటు అపార్ట్‌మెంట్. 1960ల మధ్యలో పూర్తయింది. చూడ్డానికి పెద్ద గొప్పగా ఏమీ ఉండదు. దారిన పోయేవాళ్లు ఎవరూ ఆగి ఫోటో తీసుకోరు. కానీ ఇంజినీరింగ్ పుస్తకాల్లో దాని చోటు దానికుంది.

తర్వాతది జాన్ హాంకాక్ సెంటర్. ఇక్కడ ఆయన ఒక్కరే కాదు, ఆర్కిటెక్ట్ బ్రూస్ గ్రాహమ్ కూడా ఉన్నారు. ఆర్కిటెక్ట్ బొమ్మ గీస్తాడు, ఇంజినీరు దాన్ని నిలబెడతాడు, ఇద్దరికీ పడదు అని లోకంలో ఒక మాట. వీళ్లిద్దరి మధ్య అలా లేదు. ఏ ఆలోచన ఎవరిదో విడదీయలేనంత దగ్గరగా పనిచేశారు.

మీ ఇంట్లో ఇనుప ర్యాక్ ఉంటే ఒకసారి వెనక వైపు చూడండి. రెండు పట్టీలు ఇంటూ గుర్తులా అడ్డంగా బిగించి ఉంటాయి. అవి విప్పేస్తే ర్యాక్ పక్కకి ఊగుతుంది, బిగిస్తే కదలదు. ఖాన్ ఆ ఇంటూ గుర్తుల్ని వంద అంతస్తుల బిల్డింగ్ నాలుగు వైపులా, బయటికి కనిపించేలా, ఒక్కొక్కటి ఎన్నో అంతస్తుల ఎత్తున పెట్టారు. కింద వెడల్పుగా మొదలై పైకి సన్నబడుతూ 344 మీటర్లు వెళుతుంది. కింద దుకాణాలు, ఆఫీసులు, పైన ఇళ్లు. 44వ అంతస్తులో ఈతకొలను. స్టీలు ఎంత పట్టిందంటే, చదరపు మీటరుకి 145 కిలోలు. పైన చెప్పిన 206తో, 275తో పోల్చి చూసుకోండి.

అంత ఎత్తున ఊగడం ఉంటుంది. పడిపోవడం కాదు, కొద్దిగా అటూ ఇటూ కదలడం. బిల్డింగ్‌కి దానివల్ల ప్రమాదం లేదు. కానీ పైన కాపురం ఉండేవాళ్లకి కడుపులో తిప్పితే? ఎంత ఊగితే మనిషికి తెలుస్తుందో అప్పటికి సరైన లెక్కలు లేవు. షికాగో సైన్స్ మ్యూజియంలో ఒక వాషింగ్ మెషిన్ కంపెనీ పెట్టిన ప్రదర్శన ఉండేది. జనం ఎక్కి కూర్చుంటే మెషిన్‌లో బట్టల్లా తిప్పుతుంది. ఖాన్ దాన్ని వాడుకున్నారు. మనుషుల్ని ఎక్కించి, నెమ్మదిగా కదిలించి, ఎవరికి ఎప్పుడు తెలుస్తోందో రాసుకున్నారు. వంద అంతస్తుల భవనానికి కావలసిన ఒక లెక్క బట్టలుతికే మెషిన్ బొమ్మలో దొరికింది. నాకు ఈ కథంతటిలో బాగా నచ్చిన చోటు ఇదే. పుస్తకంలో లేని జవాబు కోసం లేబొరేటరీ లేదని ఆయన ఆగిపోలేదు.

అంతా సాఫీగా సాగిందనుకోకండి. 1966లో, స్టీలు ఇంకా పైకి లేస్తుండగానే, పునాదిలో తేడా కనిపించింది. షికాగో నేల మెత్తటి బంకమట్టి. లోతుగా తవ్వి, గట్టి నేల దాకా కాంక్రీటు స్తంభాలు దింపాలి. వాటిలో ఒకటి కుంగింది. పని నెలల తరబడి ఆగింది. స్తంభాలన్నీ మళ్లీ పరీక్షించి, లోపం ఉన్నచోట సరిచేసి, అప్పుడు ముందుకెళ్లారు. ఆ ఆలస్యం దెబ్బకి మొదలుపెట్టిన బిల్డర్ ఆర్థికంగా చితికిపోయాడు. ప్రాజెక్టు బీమా కంపెనీ చేతికి వెళ్లింది. లోపం కనిపించినప్పుడు ఆగడానికి డబ్బు ఖర్చవుతుంది, పేరు పోతుంది. అయినా ఆగారు. లేకపోతే ఇవాళ ఆ భవనం ఉండేది కాదు, ఈ వ్యాసమూ ఉండేది కాదు.

అప్పట్లో ఇంకో భయం ఉండేది. కిటికీకి అడ్డంగా అంత పెద్ద ఇనుప కమ్మీ వచ్చిన ఫ్లాట్లని ఎవరు తీసుకుంటారని. తర్వాత అలాంటి కిటికీ ఉన్నవాళ్లే గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టారు.

ఇక అమ్మమ్మ గారు నిలబడిన బిల్డింగ్. అప్పుడు దాని పేరు సియర్స్ టవర్. సియర్స్ అంటే ఆ రోజుల్లో అమెరికాలోకెల్లా పెద్ద రిటైల్ కంపెనీ. తమ ఉద్యోగులందరినీ ఒకేచోట కూర్చోబెట్టడానికి కింద విశాలమైన అంతస్తులు కావాలి, అద్దెకివ్వడానికి పైన చిన్నవి కావాలి. ఒక్క గొట్టంతో ఈ రెండూ కుదరవు. బ్రూస్ గ్రాహమ్ ఒకరోజు గుప్పెడు సిగరెట్లు పట్టుకుని, కొన్నిటిని పైకి జరిపి, కొన్నిటిని కిందకి జరిపి, ఇలా కట్టొచ్చా అన్నట్టు ఖాన్‌కి చూపించారని చెబుతారు. స్కూల్ పత్రికలో సిగరెట్లు ఎందుకని మేం క్లాసులో చాక్‌పీసులతో చేశాం. ఒక్క చీపురుపుల్ల విరుస్తాం, కట్టగా కడితే విరవలేం. అదే సూత్రం.

ఒక్కొక్కటి 75 అడుగుల చదరం. అలాంటి గొట్టాలు తొమ్మిది, మూడేసి చొప్పున మూడు వరుసల్లో, పక్కపక్కనే అతుక్కుని పైకి లేస్తాయి. 50వ అంతస్తు దగ్గర రెండు ఆగిపోతాయి. 66 దగ్గర మరో రెండు. 90 దగ్గర మూడు. చివరికి రెండే రెండు శిఖరం దాకా వెళతాయి. మొత్తం 110 అంతస్తులు, 442 మీటర్లు. చదరపు మీటరుకి స్టీలు 161 కిలోలే. 1973లో ఉక్కు చట్రం శిఖరానికి చేరేసరికి న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌ని దాటి ప్రపంచంలోనే ఎత్తైనదయింది. 1998లో మలేషియాలో పెట్రోనాస్ టవర్లు వచ్చేదాకా ఆ స్థానం దానిదే. పాతికేళ్లు! ఇప్పటికీ షికాగోలో దాన్ని దాటినది లేదు. 2009లో విల్లిస్ టవర్ అని పేరు మారింది. హాంకాక్‌కి కూడా 2018లో ఆ పేరు తీసేసి వీధి నంబరుతో పిలుస్తున్నారు. ఊరివాళ్లు మాత్రం పాత పేర్లే అంటారు. మనం అమీర్‌పేటలో తీసేసిన సినిమా హాలు పేరుతోనే ఇంకా బస్టాపు చెప్పుకోవడం లేదూ?

ఆ టవర్ ఉక్కు ఒక్కో అంతస్తు లేస్తున్న 1971లోనే ఆయన పుట్టిన నేల మీద యుద్ధం మొదలైంది. మార్చిలో పాకిస్తాన్ సైన్యం ఢాకా మీద విరుచుకుపడింది. లక్షల మంది సరిహద్దు దాటి మన దేశంలోకి శరణార్థులుగా వచ్చారు. అప్పటికి ఖాన్ అమెరికా పౌరుడు, కంపెనీలో పార్ట్‌నర్, చేతిలో ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనం పని. నాకెందుకులే అనుకోవడానికి కావలసినవన్నీ ఉన్నాయి. కానీ ఆయన షికాగోలోని బెంగాలీలను కూడగట్టి రెండు సంఘాలు పెట్టారు. ఒకటి బాధితులకి డబ్బు, సామగ్రి పంపడానికి. రెండోది బంగ్లాదేశ్ పక్షాన అమెరికా నాయకులకి నచ్చజెప్పడానికి. అప్పటి అమెరికా ప్రభుత్వం పాకిస్తాన్ వైపు మొగ్గి ఉందని గుర్తుంచుకోండి. తాను పౌరసత్వం తీసుకున్న ప్రభుత్వానికే తప్పు చేస్తున్నావని చెప్పడానికి వాషింగ్టన్ వెళ్లొచ్చారు. డిసెంబరులో బంగ్లాదేశ్ ఏర్పడింది. చాలా ఏళ్ల తర్వాత, 1999లో, ఆ దేశం తన అత్యున్నత పౌర పురస్కారం ఆయనకి మరణానంతరం ఇచ్చింది.

ఇంట్లో ఆయన ఎలా ఉండేవారు? భార్య లీసెలోట్టె ఆస్ట్రియా దేశస్థురాలు. 1960లో కూతురు పుట్టింది, యాస్మిన్ సబీనా. ఆ అమ్మాయి కూడా స్ట్రక్చరల్ ఇంజినీరే అయింది. తండ్రి పని గురించి పుస్తకం రాసింది. ఖాన్‌కి రవీంద్రుడి పాటలంటే ప్రాణం, పాడుకునేవారు. ఇంజినీరు లెక్కల్లో పడి కళని, సంగీతాన్ని, మనుషుల్ని మరిచిపోకూడదన్నది ఆయన తరచూ చెప్పే సంగతి. మా స్టాఫ్ రూములో ఫిజిక్స్ సార్ ఈ వాక్యం దగ్గర నాకేసి చూసి నవ్వారు. మ్యూజిక్ పీరియడ్‌ని టెస్టు కోసం అడిగి తీసుకునేది నేనే కనుక.

చివరి పెద్ద పనుల్లో ఒకటి ఎత్తుకి సంబంధించింది కానే కాదు. సౌదీ అరేబియాలోని జెడ్డా విమానాశ్రయంలో హజ్ యాత్రికుల కోసం కట్టిన టెర్మినల్ అది. ఏడాదిలో కొద్ది వారాలే లక్షల మంది ఒక్కసారిగా దిగుతారు. ఎడారి ఎండ. అక్కడ గోడలు కట్టి ఏసీలు పెడితే ఖర్చు తడిసి మోపెడు. అందుకని ఉక్కు స్తంభాల నుంచి 210 గుడారాల పైకప్పు వేలాడదీశారు. టెఫ్లాన్ పూసిన ఫైబర్‌గ్లాస్ గుడ్డ. పక్కలు తెరిచే ఉంటాయి, వేడి గాలి పైకి పోతుంది, కింద నీడ. 1981లో అది వాడకంలోకి వచ్చింది. జీవితమంతా ఉక్కుతో కుస్తీ పట్టిన మనిషి చివరికి పందిరి వేశారు.

ఆ జెడ్డాలోనే, పని మీద వెళ్లినప్పుడు, 1982 మార్చి 27న గుండెపోటుతో పోయారు. 53వ పుట్టినరోజుకి వారం ఉంది. షికాగోకి తెచ్చి గ్రేస్‌ల్యాండ్ శ్మశానంలో ఖననం చేశారు. 2010లో పోయిన బ్రూస్ గ్రాహమ్ సమాధి కూడా అక్కడే ఉంది.

విల్లిస్ టవర్ దగ్గర జాక్సన్, ఫ్రాంక్లిన్ వీధులు కలిసే మూలకి షికాగో నగరం 1998లో ఆయన పేరు పెట్టింది. పైకి వెళ్లే లిఫ్టు కోసం క్యూలో నిలబడేవాళ్లలో ఎంతమంది ఆ బోర్డు చదువుతారో!

మన పిల్లల బంధువులు షికాగో చుట్టుపక్కల చాలామందే ఉన్నారని నాకు ఈ నెల తెలిసింది. ఒక్క ఎనిమిదో తరగతిలోనే ముగ్గురు చేతులెత్తారు. అమ్మమ్మ గారు ఇంకా అక్కడే ఉన్నారు. ఈసారి పైకి ఎక్కనక్కర్లేదు, కింద మూలమీద బోర్డుని ఫోటో తీసి పంపమని మా అమ్మాయి వాట్సాప్ పెట్టింది. సరే గానీ ముందు ఆ బిల్డింగ్ పడదని మీ టీచర్ గారికి గట్టిగా తెలుసా అని ఆవిడ అడిగారట. కాగితం గొట్టం మీద తొమ్మిది నోటుబుక్కులు ఉన్న ఫోటో మేం పంపించాం. పదోది పెట్టాక తీసింది పంపలేదు.